ఫ్రెంచ్ ప్రెస్‌లో పాల కాఫీ కుదురుతుందా? ప్లంజర్ బిగుసుకుపోతోంది, గ్లాసు అడుగున మడ్డి, పాలు పోస్తే నీళ్ళు

శ్రావణి_హైద్:
అందరికీ నమస్తే. కాఫీ గురించి తెలిసినవాళ్ళు కాస్త దారి చూపించండి. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ ఫ్రెంచ్ ప్రెస్ తెచ్చిచ్చాడు, గాజుది, పొడి వేడి నీళ్ళలో నానబెట్టి జాలీ ఉన్న కడ్డీతో (దాన్నే ప్లంజర్ అంటారట) కిందకి నొక్కే కాఫీ జగ్గు. డబ్బా మీద ఎనిమిది కప్పులు అని ఉంది కానీ మా ఇంట్లో మగ్గులతో పోస్తే మూడింటికే అయిపోతోంది, అదేం లెక్కో. మేం రోజూ వాడే ఫిల్టర్ కాఫీ పొడే, చికోరీ కలిసింది, 60:40, అదే నాలుగు స్పూన్లు వేసి కుతకుతలాడే నీళ్ళు నిండా పోసి నాలుగు నిమిషాలు ఆగి నొక్కుతున్నా. ప్లంజర్ సగానికొచ్చేసరికి బిగుసుకుపోతుంది, ఇంకాస్త బలంగా నొక్కితే పక్కల్నుంచి పొడంతా పైకొచ్చేస్తుంది, మొన్నయితే మూతి దగ్గర్నుంచి వేడి నీళ్ళు చిమ్మాయి కూడా. అంతా అయ్యాక తాగితే ఒకటే చేదు, అడుగున బురదలాగా మడ్డి, సరే పాలు పోద్దాం అనుకుంటే రంగూ రుచీ లేకుండా పల్చగా అయిపోతోంది. మా అత్తయ్యగారు ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసి ఏమీ అనలేదు, ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు భయం 😄

నేను అడిగేది రెండే. ఈ పొడితో అసలు ఇందులో కాఫీ వస్తుందా, వేరే పొడి కొనాలా? పాలు పోసినా నిలబడే కాఫీ ఇందులో తియ్యొచ్చా, లేక ఇది బ్లాక్ కాఫీ వాళ్ళ వస్తువా? గ్రైండర్ లేదు, మిక్సీ ఉంది. నెట్‌లో చూస్తే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

డికాక్షన్_దాసు:
శ్రావణి గారూ, మీ సమస్యలన్నిటికీ కారణం ఒకటే, పొడి మరీ మెత్తన. ఫిల్టర్ పొడి స్టీలు ఫిల్టర్ కోసం ఆడించినది. అక్కడ నీళ్ళు పొడి మీంచి చుక్క చుక్కగా దిగాలి కాబట్టి మెత్తగానే ఉండాలి, లేకపోతే నీళ్ళు గబగబా దిగిపోయి డికాక్షన్ పల్చబడుతుంది. ప్రెస్‌లో పద్ధతి వేరు, పొడి మొత్తం నీళ్ళలోనే నాని ఉంటుంది, చివర్లో జాలీతో కిందకి అదుముతాం, అంతే. ఆ జాలీ కన్నాలకి మెత్తని పొడి అడ్డం పడితే నీళ్ళు పైకి రావడానికి దారి ఉండదు, అందుకే బిగుసుకుంటుంది. బలంగా మాత్రం అస్సలు నొక్కకండి, గాజు పగిలిందంటే మరిగే నీళ్ళు చేతి మీద పడతాయి. బిగుసుకున్నట్టనిపిస్తే ప్లంజర్‌ని ఓ అంగుళం పైకి లాగి, క్షణం ఆగి, మళ్ళీ నిదానంగా దించండి.

పొడి ఇడ్లీ రవ్వంత గరుగ్గా ఉండాలి. షాపులో ఆడించేవాడికి ఫ్రెంచ్ ప్రెస్‌కి అని చెప్తే చాలు, ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆన్‌లైన్లో కొంటే ప్యాకెట్ ఎంచుకునే దగ్గరే గ్రైండ్ సైజు అడుగుతారు.

చేదుకి కూడా అదే కారణం, మెత్తని పొడి నుంచి నాలుగు నిమిషాల్లో రావలసినవీ రాకూడనివీ అన్నీ దిగిపోతాయి. దానికి తోడు చికోరీ. వేయించిన చికోరీ వేర్లు కాఫీ గింజ కంటే చాలా తొందరగా, చాలా ఎక్కువగా నీళ్ళలో కరుగుతాయి. ఫిల్టర్‌లో అది డికాక్షన్‌కి చిక్కదనం, నల్లటి రంగు ఇస్తుంది, పాలల్లో బాగుంటుంది, అందులో తప్పేం లేదు. కానీ ఇన్ని నీళ్ళలో నానబెడితే మిగిలేది ఆ కాలిన చేదు, వెనకాల ఓ రకమైన తీపి, అంతే. మీ ప్యాకెట్లో నూటికి నలభై వంతులు కాఫీయే కాదు కదా. మన దేశంలో రూలు ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, 53:47 ప్యాకెట్లు కూడా బోలెడు అమ్ముతారు, కొనేముందు వెనక చూడండి.

కప్పుల లెక్క: వాళ్ళ కప్పు అంటే సుమారు 120 మిల్లీ. ఎనిమిది కప్పులంటే లీటరు అన్నమాట. మూడు కప్పులదని చిన్నది అమ్ముతారు చూడండి, అందులో పట్టేది 350 మిల్లీ, ఒక్క మనిషికి సరి.

గీతా_బెజవాడ:
ఇదంతా వినడానికి బానే ఉంది గానీ, ఇంట్లో ఫిల్టర్ ఉండగా పాల కాఫీ కోసం ప్రెస్ ఎందుకండీ? రాత్రి పొడి వేసి నీళ్ళు పోసి పడుకుంటే పొద్దున్నకి డికాక్షన్ రెడీ, పాలు కాచుకుని కలుపుకోవడమే. కరెంటు లేదు, తూకం లేదు, టైమర్ లేదు. మీ అత్తయ్యగారి మౌనంలో అర్థం ఇదే అనుకుంటా.

కరీంనగర్_పోరడు:
అక్కా గిట్ల పరేషాన్ కాకు, మిక్సీతోని కూడా నడుస్తది. గింజలు కొను, పొడి వద్దు. చిన్న జార్‌ల ఒక్కసారి సగం కంటే ఎక్కువ నింపకు, బటన్ ఒక్క సెకను నొక్కి ఇడువు, జార్ ఊపు, మళ్ళ నొక్కు, గట్ల చేసుకుంట పో. అదే పనిగ తిప్పినవంటే కింద పిండి అయితది, పైన గింజలు గట్లనే ఉంటయ్, జార్ కూడ వేడెక్కుతది. తర్వాత చాయ్ జాలీల వేసి జల్లించు, కిందకి రాలే మెత్తటి పొడి పక్కకు పెట్టు, పైన మిగిలింది ప్రెస్‌ల వెయ్యి. ఆ మెత్తటిది పారేసుడు ఎందుకు, మీ ఫిల్టర్‌ల వేసుకో, అత్తమ్మ గూడ ఖుష్ అయితది. మిక్సీ బ్లేడ్ గింజను నరుకుతది గానీ ఒక్క తీరుగ చెయ్యదు, అందుకే కొంత దుమ్ము ఎట్లైన ఉంటది, మడ్డి పూర్తిగ పోదు. పైసలు ఉన్నప్పుడు చేతితోని తిప్పే బర్ గ్రైండర్ (గింజను నరకకుండ పళ్ళ చక్రాల నడుమ ఒక్క తీరుగ నలిపేది) తీస్కో, నేనైతే ప్రెస్ కన్న అదే ముందు కొనమంట. మంచి గ్రైండర్ ఉంటే స్టీలు గిన్నెల పొడి నానబెట్టి జాలీ పట్టినా మంచి కాఫీ వస్తది, ఒట్టి ప్రెస్ ఉండి పొడి బాలేకపోతే ఏం రాదు.

గీతక్క చెప్పింది కూడ కరెక్టే, కానీ ప్రెస్ కాఫీ రుచి వేరే, బ్లాక్‌ల తాగితే తెలుస్తది.

శ్రావణి_హైద్:
గీతా గారూ, ఫిల్టర్ మానేస్తానని కాదండీ, తమ్ముడు అంత దూరం నుంచి గాజు వస్తువు పగలకుండా మోసుకొచ్చాడు, అటక మీద పెట్టలేను. పైగా మా ఆయనకి డాక్టర్ పాలూ చక్కెరా తగ్గించమన్నాడు, ఆయనకి బ్లాక్ అలవాటు చేద్దామని కూడా ఉంది.

దాసు గారూ, కొలతలు చెప్పండి ప్లీజ్, స్పూన్లలో కాదు గ్రాముల్లో, వంటింట్లో చిన్న కాటా ఉంది. పాల కాఫీకి ఒకటి, బ్లాక్‌కి ఒకటి.

డికాక్షన్_దాసు:
ముందు బ్లాక్ చెప్తాను, అది తేలిక. అర లీటరు నీళ్ళకి 30 గ్రాముల పొడి. నీళ్ళు మరిగాక స్టవ్ కట్టేసి అర నిమిషం ఆగండి, 95 డిగ్రీల దగ్గరికి వస్తుంది, థర్మామీటర్ అక్కర్లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకి పైనే ఉంది కదా, అక్కడ నీళ్ళు మరిగేదే 98 దగ్గర, కాబట్టి మరీ ఎక్కువసేపు ఆగక్కర్లేదు కూడా. ప్రెస్‌ని ముందు ఒకసారి వేడి నీళ్ళతో తొలిపి పారబోయండి, చల్లటి గాజు సగం వేడి లాగేస్తుంది. పొడి వేసి, నీళ్ళు మొత్తం పొడి తడిసేలా పోసి, నాలుగు నిమిషాలు వదిలెయ్యండి. పైన పొడి తేలి ఒక తెట్టు కడుతుంది, దాన్ని చెంచాతో మెల్లిగా కలిపితే చాలా భాగం కిందకి దిగిపోతుంది. మిగిలిన నురగ, తేలే పొడి రెండు చెంచాలతో తీసి పారెయ్యండి. ఇక్కడ చాలామంది వెంటనే నొక్కేస్తారు. నొక్కకుండా ఇంకో అయిదారు నిమిషాలు అలాగే ఉంచండి, మడ్డి తనంతట తనే అడుక్కి చేరుతుంది. తర్వాత ప్లంజర్ పెట్టి జాలీ కాఫీ పైభాగాన ఆనేంత వరకే దించండి, అడుగుదాకా నొక్కితే తేరుకున్న మడ్డంతా మళ్ళీ లేస్తుంది. నిదానంగా వంచి పోసుకోండి, చివరి రెండు మూడు గుక్కలు ప్రెస్‌లోనే వదిలెయ్యండి. ఇది నా సొంత కవిత్వం కాదు, 2007లో ప్రపంచ బరిస్టా (కాఫీ చేసే నిపుణుల) చాంపియన్ అయిన జేమ్స్ హాఫ్‌మన్ చెప్పిన పద్ధతి, కాఫీ పిచ్చోళ్ళందరూ ఇప్పుడు ఇదే చేస్తున్నారు. పది నిమిషాలు నానితే చేదెక్కదా అని అడుగుతారేమో, గరుకు పొడి అయితే ఎక్కదు, నీళ్ళు చల్లారేకొద్దీ దిగడం కూడా మందగిస్తుంది.

ఇప్పుడు పాల సంగతి. పై కొలతతో చేసిన కాఫీలో కరిగి ఉండే సరుకు నూటికి ఒకటింపావు వంతు దాకా ఉంటుంది, మిగతా అంతా నీళ్ళే. సగానికి సగం పాలు పోశారనుకోండి అది ఇంకా సగం అయిపోతుంది, మీరు పల్చగా ఉందంటున్నది దాన్నే. ఫిల్టర్ డికాక్షన్ దీనికి ఎన్నో రెట్లు చిక్కన, అందుకే గ్లాసు పాలల్లో కాస్త పోసినా నిలబడుతుంది. ప్రెస్‌లో అంత చిక్కదనం రానే రాదు, మనం దగ్గరికి వెళ్ళగలం అంతే. 40 గ్రాముల పొడికి 320 మిల్లీ నీళ్ళు పోయండి. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్ళు పీల్చేసుకుని పిప్పిలో ఉంచేసుకుంటుంది, అంటే మీ చేతికొచ్చేది 240 మిల్లీ. దానికి 240 మిల్లీ బాగా కాగిన పాలు. మూడు గ్లాసులు. పాలల్లో నీళ్ళు కలపకూడదు, నీళ్ళ కోటా అంతా కాఫీలోనే వచ్చేసింది.

గీతా_బెజవాడ:
మూడు గ్లాసులకి 40 గ్రాముల గింజలా!! ఫిల్టర్‌లో పాతిక గ్రాములతో మా ఇంటిల్లిపాదీ తాగుతారు. నెలకి లెక్కేసుకోండి శ్రావణి గారూ.

డికాక్షన్_దాసు:
నిజమే, ఖర్చు విషయంలో గీత గారి మాటకి నేను ఎదురు చెప్పను. అడిగింది కుదురుతుందా అని, కుదురుతుంది. రోజూ పాల కాఫీకి ఇదే వాడండి అని మాత్రం నేనూ అనను. పాలు కావాల్సినవాళ్ళకి ఫిల్టర్, మీవారి బ్లాక్‌కి ప్రెస్, రెండూ పొయ్యి పక్కనే ఉంటే ఎవరికొచ్చిన నష్టం ఏమీ లేదు.

పాడేరు_కుర్రోడు:
గింజల గురించి ఎవరూ చెప్పట్లేదేంటండీ, అసలు సంగతి అదే కదా. ఫ్రెంచ్ ప్రెస్‌లో కాగితం ఫిల్టర్ ఉండదు, గింజలో ఉన్న నూనెతో సహా కప్పులోకొస్తుంది, మంచి గింజయితే మంచి తెలుస్తుంది, పాడు గింజయితే పాడూ తెలుస్తుంది. చికోరీ లేని ప్యూర్ కాఫీ, ప్యాకెట్ మీద రోస్ట్ చేసిన తేదీ ఉన్నది తీసుకోండి, ఎక్స్‌పైరీ తేదీ చూసి లాభం లేదు. వేయించిన నెల రోజుల్లోపు గింజ, వాడే పూట ఆడించుకున్నది, ఆ వాసన చూశాక మీరే చెప్తారు.

మా ఏజెన్సీ కాఫీ అని చెప్పడం కాదు గానీ అరకు కాఫీ ఈ పనికి బాగా సెట్ అవుతుంది. ఇక్కడ పండేది దాదాపు అంతా అరబికా రకం. గిరిజన రైతుల చిన్న చిన్న తోటలు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. నవంబర్ నుంచి పళ్ళు ఎర్రబడితే కోత మొదలు. 2019లో అరకు వ్యాలీ అరబికా పేరుతో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్ళ స్టోర్లలో దొరుకుతుంది, కాకపోతే వాళ్ళ దగ్గర చికోరీ కలిపిన పొడి కూడా ఉంటుంది, ప్యూర్ అని అడిగి తీసుకోండి. చిక్‌మగళూరు, కూర్గ్ గింజలు కూడా సూపర్, ఆ విషయంలో మాకేం పట్టింపు లేదు.

కొనేటప్పుడు కొన్ని మాటలు కనిపిస్తాయి, ఉపయోగపడతాయని చెప్తున్నా. ప్లాంటేషన్ ఏ అంటే గుజ్జు తీసి కడిగి ఎండబెట్టిన అరబికాలో పెద్ద గింజ. చెర్రీ అని ఉంటే పండుని పండులాగే ఎండబెట్టి తర్వాత పొట్టు తీసింది. పార్చ్‌మెంట్ అని ఉంటే కడిగిన రొబస్టా, అంటే అరబికా కాని ఇంకో కాఫీ రకం. పీబెర్రీ అంటే పండులో రెండు బద్దలకి బదులు ఒకటే గుండ్రటి గింజ వచ్చింది. బ్లాక్‌కి ప్లాంటేషన్ ఏ మీడియం రోస్ట్ తీసుకోండి. పాలు పోస్తారా, అయితే మీడియం డార్క్, అందులో పావు వంతు రొబస్టా ఉన్నా మంచిదే. రొబస్టాలో కెఫీన్ అరబికాకి రెండింతలు దగ్గర ఉంటుంది, చేదు ఉంటుంది, పాలల్లో కూడా గొంతు వినిపిస్తుంది. లైట్ రోస్ట్ మాత్రం పాలల్లో పొయ్యకండి, ఆ పులుపూ పాలూ కలిసి అదో రకంగా ఉంటుంది, చాలామంది ఖరీదైన లైట్ రోస్ట్ కొని పాలు పోసి బాలేదంటారు.

డాలస్_రావు:
రెండు విషయాలు కలుపుతాను. ఒకటి నీళ్ళు. బోరు నీళ్ళతో చేస్తే ఎంత మంచి గింజయినా చప్పగా, సుద్దగా ఉంటుంది. అలాగని ఆర్వో నీళ్ళు మరీ టీడీఎస్ (నీళ్ళల్లో కరిగున్న ఖనిజాల లెక్క) 20, 30కి దింపేసి ఉంటే కాఫీ పులుపుగా పొడిపొడిగా వస్తుంది, నీళ్ళల్లో కాస్త ఖనిజాలు ఉంటేనే రుచి దిగుతుంది. 75 నుంచి 250 మధ్య, కుదిరితే 150 చుట్టుపక్కల ఉంటే మంచిది. మీ ఆర్వోకి టీడీఎస్ తిప్పే స్క్రూ ఉంటే సర్వీసు అబ్బాయిని అడగండి, లేకపోతే ఆర్వో నీళ్ళల్లో కొంచెం కాచిన మున్సిపల్ నీళ్ళు కలిపి చూడండి.

రెండోది శ్రావణి గారు వాళ్ళ ఆయనకి డాక్టర్ అన్నారు కాబట్టి చెప్తున్నా, భయపెట్టడానికి కాదు. కాఫీ నూనెలో కెఫెస్టాల్, కావియోల్ అని రెండు పదార్థాలున్నాయి, అవి ఎల్డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ పెంచుతాయి. కాగితం ఫిల్టర్ వాటిని ఆపేస్తుంది, ప్రెస్ జాలీ ఆపదు. నార్వేలో ట్రోమ్సో అనే ఊళ్ళో జనం కాఫీని కాచి తాగుతుంటే వాళ్ళలో కాఫీ ఎక్కువ తాగేవాళ్ళకి కొలెస్ట్రాల్ ఎక్కువుందని 1983లో బయటపెట్టారు, అక్కడ మొదలైంది ఈ గొడవంతా. రోజుకి ఒక కప్పు తాగే ఆరోగ్యవంతుడికి పెద్ద పట్టింపు కాదు, కానీ కొలెస్ట్రాల్‌కి మందు వాడుతున్నవాళ్ళు రోజుకి నాలుగైదు ప్రెస్ కాఫీలు తాగడం మంచిది కాదు. డాక్టర్‌ని ఒక మాట అడగండి, లేకపోతే ప్రెస్‌లో చేసిన కాఫీనే కాగితం ఫిల్టర్‌లోంచి వంచుకోండి, నూనెతో పాటు మడ్డి కూడా పోతుంది. కాస్త చిక్కదనం తగ్గుతుంది, నాకైతే అలాగే ఇష్టం, ప్రెస్ వాళ్ళు తిట్టినా సరే.

కరీంనగర్_పోరడు:
అన్నా కాగితంల వంచుడైతే ఇగ ప్రెస్ ఎందుకే 😂

డాలస్_రావు:
మా ఆవిడ కూడా అదే అంటుంది బ్రదర్.

శ్రావణి_హైద్:
ఇంత ఓపిగ్గా చెప్పారు, చాలా థాంక్స్ అందరికీ. మీడియం డార్క్ గింజలు తెప్పించాను, మిక్సీలో పోరడు తమ్ముడు చెప్పినట్టు ఆపి ఆపి తిప్పి జల్లించా. బ్లాక్ బ్రహ్మాండంగా వచ్చింది, మడ్డి కొంచెం ఉంది కానీ చివరి గుక్క వదిలేస్తే తెలియట్లేదు. పాలది 40 గ్రాములతో చేసి అత్తయ్యగారికి ఇచ్చా, ఫుల్ క్రీమ్ పాలు, "ఇదేదో హోటల్ కాఫీలాగా ఉంది, బానే ఉంది, రేపు మాత్రం ఫిల్టర్‌దే ఇవ్వు" అన్నారు. మావారు చక్కెర లేకుండా మొహం చిట్లించుకుంటూ తాగారు, పూర్తిగా తాగారు మరి.

ఇంకో డౌటు. జాలీ కడిగేటప్పుడు మధ్యలో పొడి ఇరుక్కుపోతోంది, మర్నాడు పాత నూనె వాసన వస్తోంది. అది విప్పొచ్చా? మా తమ్ముడేమో విప్పితే మళ్ళీ బిగించలేవు అంటున్నాడు. పిప్పి సింకులో పోస్తే ఏమైనా అవుతుందా?

డికాక్షన్_దాసు:
విప్పాలి. కింద ఉన్న గుండ్రటి రేకు పట్టుకుని కడ్డీని ఎడమకి తిప్పితే మర ఊడుతుంది, సాధారణంగా మూడు బిళ్ళలు వస్తాయి, కింద కన్నాల రేకు, మధ్యలో జాలీ, పైన స్ప్రింగ్ చుట్టిన రేకు. ఆ వరస ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, మీ తమ్ముడికి కూడా పంపండి. రోజూ నీళ్ళతో కడిగినా వారానికోసారి విప్పి గోరువెచ్చటి నీళ్ళల్లో గిన్నెల సోప్ వేసి పాత టూత్‌బ్రష్‌తో తోమండి, నూనె వాసన దానికే వస్తుంది. స్ప్రింగ్ అంచు వంగితే పొడి పక్కల్నుంచి పైకి తప్పించుకుంటుంది, చేత్తో నెమ్మదిగా గుండ్రంగా సర్దొచ్చు.

పిప్పి సింకులో మాత్రం పొయ్యకండి, పైపులో పేరుకుంటుంది. ప్రెస్‌లో కాసిని నీళ్ళు పోసి గిరగిరా తిప్పి చాయ్ జాలీలోకి వంచేస్తే పిప్పి జాలీలో ఉంటుంది, అది కుండీల్లో మట్టితో కలిపెయ్యండి, కుప్పగా మాత్రం వెయ్యొద్దు, బూజు పడుతుంది.

పాడేరు_కుర్రోడు:
ఎండాకాలం వస్తోంది కాబట్టి ఇది కూడా రాసుకోండి: అదే ప్రెస్‌లో 60 గ్రాముల గరుకు పొడి, అర లీటరు చల్లటి నీళ్ళు, కలిపి, ప్లంజర్ నొక్కకుండా పైకే ఉంచి మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున్న మెల్లిగా దించి వడకట్టి ఐసూ నీళ్ళూ కలుపుకోండి. పులుపూ చేదూ రెండూ తక్కువుంటాయి, మీవారు ఈసారి మొహం చిట్లించరు. చల్లటి పాలల్లో కూడా బాగుంటుంది, రెండు మూడు రోజులు నిలవుంటుంది.

గీతా_బెజవాడ:
ఈ చల్లటిది మాత్రం నేనూ చేసి చూస్తా. ప్రెస్ లేదు, సీసాలో నానబెట్టి గుడ్డతో వడగడితే సరిపోతుందా?

పాడేరు_కుర్రోడు:
సరిపోతుందండీ. మల్లు గుడ్డ రెండు మడతలు వేసి వడగట్టండి, పిండొద్దు, పిండితే మడ్డి దిగుతుంది.